జీపు తోలినవాడు

మా మేనత్త పోయింది. అనంతపురం ఆసుపత్రి నుంచి మా అన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. గార్లదిన్నె దాటి మా ఊరు చేరేసరికి ఆమె ఇంటి ముందు ఖరీదైన కార్లు ఆగి ఉన్నాయి. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

ఆమె భర్త, మా మామ, ఊరి నాయకుడి జీపు తోలేవాడు. ఎన్నికల గొడవల్లో ఆ జీపు మీద బాంబులు వేశారు. నాయకుడు చేతి గాయంతో బయటపడ్డాడు. మామ అక్కడే పోయాడు. పేపర్లో నాయకుడి ఫొటో వేసి, కింద ‘డ్రైవరు మృతి’ అని రాశారు. అత్తకు అప్పటికింకా పిల్లలు కూడా లేరు. కూలికి పోయి, శనక్కాయ చేలల్లో నడుము వంచి ఒంటరిగా బతికింది.

కొన్నేళ్ల కింద మా వైపు గొడవల మీద ఒక పెద్ద యాక్షన్ సినిమా వచ్చింది. “నన్నూ పిల్చుకపో అప్పా, ఏం తీసినారో సూస్తా” అంది అత్త. గుంతకల్లులో మ్యాట్నీకి తీసుకెళ్లాను.

సినిమా బాగానే తీశారు, అబద్ధం ఎందుకు? రాళ్లగుట్టల్లో తరుముకునే సీనుకు అత్త కొంగు నోట్లో కుక్కుకుని ముందుకు వంగింది. “భయమైతే మనిసి అట్లే తిరిగి తిరిగి సూసుకుంటా పరిగెత్తుతాడు” అంది మెల్లగా.

ఇంటర్వెల్ ముందు ఒక జీపు గాల్లోకి లేచి పేలిపోయింది. హాలంతా ఈలలు. హీరో ఆ మంటల ముందు నుంచి తాపీగా నడిచొచ్చాడు. లైట్లు వెలిగాయి. అత్త నా చెయ్యి పట్టుకుంది.

“ఆ జీపు తోలేవాడు ఏమైనాడు?”

“సచ్చిపోయింటాడులే అత్తా.”

“సూపీలేదే!”

“సినిమాల్లో అట్లాంటివి సూపరు.”

“వాని పెండ్లామన్నా వస్తాదేమో సూద్దాం.”

సెకండాఫ్ అంతా ఆమె ఆ పెండ్లాం కోసమే ఎదురుచూసింది. రాలేదు. చివర్లో రెండు వర్గాలూ వియ్యమందుకుని ఒకే పంక్తిలో భోంచేశాయి. పాటలు అడ్డమొచ్చాయనీ, విలన్ చావును సాగదీశారనీ జనం తిట్టుకుంటూ బయటికి వస్తున్నారు. అత్త ఒక్కటే అంది: “కొట్టుకునేది బాగ తీసినారప్పా. పోయినోళ్ల ఇండ్లకు మాత్రం ఎవురూ పోలేదు.”

ఆ పంక్తిభోజనం మాత్రం నిజం. మా ఊళ్లో కొట్టుకున్న రెండు కుటుంబాలూ ఇప్పుడు కలిసి క్వారీ నడుపుతున్నాయి. ఇవాళ ఆ కార్లలో వచ్చిన నాయకుడి కొడుకు అత్త శవం మీద దండ వేసి, ఫోన్లో వీడియో తీసేవాడి వైపు తిరిగి, తమ కుటుంబం కోసం ప్రాణమిచ్చిన మనిషి భార్య అని గొప్పగా చెప్పాడు. మామ పేరుకు బదులు ఇంకెవరి పేరో చెప్పాడు. మా అన్న “ఆ పేరు కాదన్నా” అంటూ వెంటపడేలోపే కారు తలుపు మూసుకుంది.

సినిమా చూసిన సాయంత్రం బస్సు దిగి ఆటోలో ఊరికి వచ్చాం. నేను ఇంటివైపు నడవబోతే అత్త కదల్లేదు.

“నీ పేరేంది నాయనా?” అని ఆటో అతన్ని అడిగింది. చెప్పాడు.

“ఇంట్లో ఎవురెవురుండారు?”

“పెండ్లాము, చిన్న కూతురు ఉండారమ్మా.”

“పేరెందుకత్తా?” అన్నాను.

“రేపు ఎవురన్నా అడిగితే చెప్పల్ల కదప్పా.”

ఆటో వెనక్కి తిరిగింది. కంది చేల మలుపులో అది కనబడకుండా పోయేదాకా, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మా అత్త ఆ దారిలోనే నిలబడింది.