సబ్సిడీ బాబాయి పైకప్పు

"...పండలేదంటే ఏంటండీ అర్థం? ఎండేమన్నా కాయా, పండా? వీధిలో అందరి మేడల మీదా పండి, మన మేడ మీదే పచ్చిగా ఉందా?"

"తొందరపడకు. మన పైకప్పుకి ఇంకా టైముంది."

పిన్ని ఓవెన్ తలుపు ఠపీమని మూసింది. బాబాయి చెప్పుల్లో కాళ్ళు దూర్చి బయటపడ్డాడు.

వీధి మొత్తానికి ఆయన సబ్సిడీ బాబాయి. ఎదుటి మనిషికి ప్రభుత్వం నుంచి రావలసింది ఏదో ఉందని అనుమానం వస్తే చాలు, అది ఇప్పించేదాకా ఆయనకి ముద్ద దిగదు. పోస్టాఫీసు కౌంటర్ వెనక ఉద్యోగమంతా ఇలాగే వెలగబెట్టి, రిటైరయ్యాక సోలార్ మీద పడ్డాడు. ప్యానెళ్ళు పెట్టించుకుంటే ఖర్చులో కొంత ప్రభుత్వమే తిరిగి ఇస్తుందని విన్నప్పటినుంచి ముందు ఇంటి పైకప్పు చూడటం, తరవాతే కింద ఉన్న మనిషిని పలకరించడం అలవాటైంది.

పళ్ళ డాక్టరుది కింద ఆసుపత్రి, పైన కాపురం. బాబాయి కుర్చీలో నోరు తెరుచుకునే "మేడ మీద నీడ పడుతుందా" అని అడగబోయాడు. నొప్పేమోననుకుని డాక్టరు ఇంకో ఇంజక్షన్ ఇచ్చాడు. నాలుక మొద్దుబారిపోయింది. బాబాయి వెనక్కి తగ్గలేదు. వేలు పైకి చూపించి, జేబు తట్టాడు.

"పీకింది పైపన్నేనండీ, ఫీజు కూడా ఎక్కువేం కాదు," అన్నాడు డాక్టరు కంగారుగా.

పక్కనున్న పిన్ని విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడా మేడ మీద ప్యానెళ్ళున్నాయి.

ఒక మధ్యాహ్నం మేడ మీద కుళాయి విప్పుతూ ఒక దొంగ దొరికాడు. పిన్ని కర్ర పట్టుకుని మెట్లెక్కేసరికి బాబాయి అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తున్నాడు. "మన వీధి చివరేనా? సొంతిల్లేనా? మీ అమ్మ పేరు మీదా? స్లాబే కదా? మరింకేం." దొంగ బిత్తరపోయి కుళాయి మళ్ళీ బిగించి వెళ్ళాడు. వాళ్ళమ్మకీ సబ్సిడీ వచ్చింది.

రానిది పిన్నికే. ఆమె ఇంట్లో కేకులు చేసి అమ్ముతుంది. బడి క్యాంటీన్ వాళ్ళు రోజూ బ్రెడ్ కావాలన్నారు, సోమవారంకల్లా మాట చెప్పమన్నారు. ఓవెన్ అంతసేపు వెలిగితే వచ్చే కరెంటు బిల్లు తలుచుకుంటే నోట ఔననే మాట రావట్లేదు. మేడ మీద ప్యానెళ్ళుంటే ఈ బాధే లేదు. కానీ చలికాలం వెలుతురు పలచగా ఉందంటాడు, వేసవిలో ప్యానెళ్ళకి వడదెబ్బంటాడు. ఈ ఏడు ఎండ పండలేదట.

పిన్ని ఇంకా గొణుక్కుంటూనే ఉంది, లైన్‌మాన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబాయిగారు లేరా పిన్నిగారూ? ఆఖరిది ఎవరికో కనుక్కుందామని."

"ఆఖరిదేంటి?"

"మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఇంకొక్క ఇంటి సోలారే పట్టుకుంటుందండీ. ఆ తరవాత ఎవరొచ్చినా కనెక్షన్ లేదు, సబ్సిడీ లేదు. పెద్దది వేసేదాకా అంతే."

"ఎవరికో ఏంటయ్యా? మాకే."

లైన్‌మాన్ తల గోక్కున్నాడు. "అసలు వరసలో మొదటి ఇల్లు మీదేనండీ. ప్రతిసారీ ఆయనే వచ్చి వెనక్కి జరపమంటారు. డయాలసిస్ ఆయనది ముందన్నారు. కవలల తల్లిది ముందన్నారు. ఆ కుళాయి దొంగ వాళ్ళమ్మని కూడా మీకంటే ముందెక్కించారు. పిన్నికి మాత్రం చెప్పకు, నన్ను ఓవెన్లో పెట్టేస్తుందన్నారు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

లైన్‌మాన్ ఎదురింటి మేడ చూపించాడు. అది ఇస్త్రీ ఆవిడ ఇల్లు. బాబాయి అక్కడ పూలకుండీలు నీడలోకి జరిపి, స్లాబు ఊడుస్తున్నాడు.

పిన్ని వీధి దాటి మేడెక్కింది.

"ఏవండీ, ఇక్కడ పండిందా ఎండ?"

బాబాయి చీపురు వెనక్కి దాచుకున్నాడు. "ఇక్కడా... బాగానే ముగ్గిందే."

వెనకే ఇస్త్రీ ఆవిడ దగ్గుకుంటూ వచ్చింది. బొగ్గుల పెట్టె మాని కరెంటు పెట్టెకి మారకపోతే ఊపిరితిత్తులు నిలవవని డాక్టరు ఆమెకి చెప్పి చాలాకాలమైంది.

"నాకొద్దక్కా. మీకు రావలసింది నేనెలా తీసుకుంటాను? వచ్చినప్పట్నుంచి మొత్తుకుంటున్నా, ఈయన వినట్లేదు. బొగ్గులకి అలవాటు పడ్డదాన్ని," అంది. మాట పూర్తికాకుండానే మళ్ళీ దగ్గు తెర వచ్చింది.

పిన్ని ఆమె వీపు నిమిరి, మొగుడి వైపు తిరిగింది. "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే ఒప్పుకుంటావు. ఒప్పుకుని, ఆర్డర్లు పోతుంటే లోలోపల కుమిలిపోతావు. అదే నన్ను తిట్టుకున్నావనుకో, నీకు కాస్త హాయిగా ఉంటుంది కదా."

పిన్నికి నవ్వొచ్చింది. అది ఆయనకి కనిపించకుండా మేడ అంచుకి వెళ్ళి, కింద నిలబడ్డ లైన్‌మాన్ వైపు వంగింది.

"ఏమయ్యా, ఆఖరిది ఈవిడకే రాసుకో. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ సంగతి అడగడానికి రేపటినుంచి మీ ఆఫీసుకి ఈయన రాడు. నేనొస్తాను."