చేప పాతిన చేను

“ఊరంతా పోయి ఆయనొక్కడే మిగిలాడా తల్లీ?”

“ఒక్కడేనండి. తుని వచ్చేసింది, దిగండి.”

రైల్లో నా ఎదురుగా కూచున్న పిల్లా నేనూ చివరగా అనుకున్న మాటలివే.

పరీక్షకని అమెరికా పాత చరిత్ర చదువుకుంటోంది. నా ఎండుచేపల బుట్టకి ముక్కు మూసుకోలేదు. పైగా, “ఓడలో వచ్చిన తెల్లోళ్ళకి, ఎరువుకి చేప పాతి మొక్కజొన్న వెయ్యమని అక్కడివాడొకాయన నేర్పాడండి” అంది.

“చేపని మట్టిపాలు చేశారా! పులుసు పెట్టుకోడం రాదేంటి?” అని నవ్వాను.

ఆ నేర్పినాయన ఊరు ఊరంతా అంతకుముందే రోగంతో పోయిందంట. ఆ పోయిన ఊరి నేలమీదే వాళ్ళకి నేర్పాడంట. నా నవ్వు ఆగిపోయింది. తన భాషలో ఎవరితో మాట్లాడుకున్నాడో! మా ఆయన సముద్రంలో పోయాక నేను ఫోటోతో మాట్లాడతాను. పాపం, ఆ మొక్కజొన్నాయనకి తనవాళ్ళ ఫోటో కూడా లేదు.

బుజ్జీ, ఈ పెద్దమ్మ చెప్పిందంతా రాశావుగా, ఇప్పుడు గట్టిగా చదవవే. ఈ ఇంట్లో ఇంకో గొంతు వినపడి చాన్నాళ్ళైంది.