నాయనకు రసాయనం చెప్పిన ఏడాది

నేను ఎస్సెల్సీ రాసిన ఏడాదే మా నాయన కూడా రాశాడు. పందొమ్మిది వందల అరవైలు అప్పుడే మొదలయ్యాయి. ఆయన మా ఊరి మిషను ప్రాథమిక పాఠశాలలో పంతులు. ఊరంతా ఆయన్ను అయ్యవారనే పిలిచేది. ఎనిమిదో తరగతితో చదువు ఆపి పంతులైనవాడు. పై గ్రేడు ట్రైనింగుకు పంపాలంటే ఎస్సెల్సీ పాసై ఉండాలన్నారు. నలభై దాటిన వయసులో ప్రైవేటుగా పరీక్షకు దరఖాస్తు పెట్టాడు.

తెలుగన్నా లెక్కలన్నా ఆయనకు బెదురు లేదు. బెదురంతా రసాయన శాస్త్రంతోనే. ఆయన చదివిన రోజుల్లో ఆ పాఠమే లేదు. నేను రోజూ సరుగుడు తోటల మధ్య ఇసుకలో మూడు మైళ్లు నడిచి హైస్కూలుకు వెళ్లేదాన్ని. క్రిస్మస్ సెలవులు అయిపోయిన రోజు నాయన నా రసాయనం పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు.

"సాయంత్రం బడి నుంచి వచ్చినాక గంటసేపు నాకు పాఠం చెప్పు. ఆ గంటా నేను అయ్యవారిని కాదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

నిజానికి నాకే సరిగా రాదు. అర్ధ సంవత్సర పరీక్షలో అంచు మీద గట్టెక్కాను. ఇంట్లో చెప్పాలి గనుక క్లాసులో లేచి అడగడం మొదలుపెట్టాను. "ఏందమ్మా, ఈ మధ్య నీకు ఇన్ని అనుమానాలు?" అన్నారు సైన్సు మాస్టారు. అవి ఎవరి అనుమానాలో చెప్పలేదు.

నాయన ఎక్కాలు వల్లించినట్టు పాఠం వల్లించేవాడు. బొగ్గుపులుసు వాయువు సున్నపు తేటను పాలవలె మార్చును, పాలవలె మార్చును, అంటూ.

"ఎందుకు మారుస్తుంది నాయనా?"

"పుస్తకంలో అట్నే ఉంది."

ఒకరోజు వెల్ల వేయడానికి అమ్మ తెచ్చి పెట్టిన గుల్లసున్నం కొంచెం నీళ్లలో కలిపి ఉంచాను. మర్నాటికి పైన తేట నిలిచింది. పండగకు మాత్రమే బయటికి తీసే గాజు గ్లాసులోకి దాన్ని వంచి, బొప్పాయి ఆకు కాడ ఆయన చేతికిచ్చి ఊదమన్నాను. ఊదాడు. తేట చూస్తుండగానే తెల్లబడింది. ఆయన కాడ నోట్లోంచి తీసి గ్లాసును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"అయితే ఇది నా ఊపిరేనా?"

"ఆ గ్లాసు మళ్లా మనం తాగాలా?" అంది అమ్మ.

ఆ తరువాత వల్లెవేయడం తగ్గింది. కానీ సమీకరణాల దగ్గర బండి దిగబడింది. ఎడమవైపు ఎన్ని పరమాణువులుంటే కుడివైపూ అన్నే ఉండాలని చెబితే ఆయన మొహం వెలిగింది.

"ఇది లెక్కే గదా! ఆ ముక్క ముందే చెప్పగూడదా?"

నీళ్ల సమీకరణంలో లెక్క సరిపెట్టడానికి ఆయన గుర్తు కింద ఉండే చిన్న అంకెను మార్చేసేవాడు.

"కింది అంకె ముట్టుకోగూడదు నాయనా. ముందు మాత్రమే అంకె వేయాల. కింద మారిస్తే అది నీళ్లు కాదు, ఇంకో పదార్థం."

"ఒక్క అంకెకే?"

"ఒక్క అంకెకే."

పరీక్షలు నాయుడుపేటలో. నేను ఒక గదిలో, ప్రైవేటు వాళ్లతో ఆయన ఇంకో గదిలో. రసాయనం పేపరు రాసి బస్సు కోసం నిలబడినప్పుడు ఆయన హుషారుగా ఉన్నాడు.

"ఉదజని, ఆమ్లజని కలిస్తే నీళ్లు. సమీకరణం గూడా రాసినా."

"ఎట్టా రాసినావు?"

ప్రశ్నపత్రం వెనక రాసి చూపించాడు. లెక్క రెండువైపులా సరిపోయింది. కుడివైపు నీళ్లు లేవు. ఆయన నా మొహం చూశాడు.

"తప్పా?"

"తప్పే నాయనా."

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక, "మిగతావి గూడా చూడు," అని కాగితం నా ఒళ్లో పెట్టాడు.

ఫలితాలు పేపర్లో వచ్చాయి. నా నంబరు ఉంది. ఆయనది లేదు. మార్కులు వచ్చాక చూస్తే పోయింది రసాయనం ఒక్కటే. కూతురు గట్టెక్కింది, అయ్యవారు మునిగినాడు అని ఊళ్లో ఎవరో అన్నది మా దాకా వచ్చింది. అమ్మ రెండు రోజులు బయటికి రాలేదు. నేను పాసైనందుకు సంతోషపడాలో లేదో నాకు తెలియలేదు.

బడి తెరిచిన రోజు నాయనకు అన్నం క్యారియరు ఇవ్వడానికి వెళ్లి, బడి వాకిట్లోనే ఆగిపోయాను. ఆయన పిల్లల ముందు నిలబడి చెబుతున్నాడు.

"మీ అయ్యవారు రసాయనంలో తప్పినాడు. సెప్టెంబరులో మళ్లా రాస్తాడు. తప్పినోడు మళ్లా రాయాల, అంతే. పలకలు తీయండి."

పిల్లలు పలకలు తీశారు.

జూలైలో నేను పంతులమ్మ ట్రైనింగుకు నెల్లూరు వెళ్లిపోయాను. ఆయన ఒక్కడే చదువుకున్నాడు. సెప్టెంబరులో ఒక కార్డు వచ్చింది. క్షేమ సమాచారాలు లేవు. అమోనియా తయారీ అడిగారనీ, తాను ఇలా రాశాననీ, కార్డు నిండా సమీకరణం. చివర, "చూసి చెప్పు."

హాస్టలు మెట్ల మీద కూర్చుని రెండువైపులా లెక్కపెట్టాను. కింది అంకెలు ఒక్కొక్కటిగా చూశాను. ఏదీ కదల్లేదు. ముందు వేయాల్సిన అంకె ముందే ఉంది. పక్కనున్న అమ్మాయి ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే ఏమీ లేదన్నాను. మారు కార్డులో, "కరెక్టు నాయనా," అని మాత్రం రాశాను.

ఆయన పాసయ్యాడు. మరుసటి ఏడాది మగవాళ్ల ట్రైనింగు స్కూల్లో, నాకంటే ఒక క్లాసు వెనక చేరాడు. మొదటి ఉత్తరంలో ఇలా రాశాడు: "ఈడ అందరిలోకీ నేనే పెద్దవాణ్ణి. ముందు బెంచీ ఖాళీగా ఉంటే కూర్చున్నా."