బాపు టికెట్టుకు పసుపు పెట్టిన యేడు

మా చిన్నప్పుడు... మా బాపు దుబాయ్ పోవాలంటే టికెట్టు రఫీక్ చాచా తెచ్చియ్యాలె. ఆర్మూర్ పాత బస్టాండు కాడ చాచాకు చిన్న ట్రావెల్స్ దుకాణం ఉండె. హైదరాబాద్ పోయి, టికెట్టు సంచిల పెట్టుకొని బస్సుల వచ్చేటోడు.

టికెట్టంటే గిప్పటి లెక్క కాదు... సన్నటి పుస్తకం. లోపట ఎర్ర కార్బన్ అంటిన పల్చటి కాయితాలు. అండ్ల బాపు పేరు ఇంగ్లీషుల ఉంటే, నేను కూడబలుక్కుంట సదివి మురిసిపోయేదాన్ని.

మా ఇంట్ల కొత్తది ఏదొచ్చినా అమ్మ పసుపు పెట్టాల్సిందే. కొత్త అంగీకి, సైకిల్‌కు, ఆఖరికి గ్యాస్ పొయ్యికి గూడ. పసుపు పండే ఊరోళ్లం, మాకు దానికేం కరువు? గా యేడు టికెట్టును దేవుని అర్రల పెట్టి, నాలుగు మూలలకు తడి పసుపు మందంగ రాసింది.

తెల్లారి సూస్తే ఏమున్నది... కాయితాలన్ని అతుక్కపోయినయ్. బాపు ఇడదీయబోతే పర్రున చినిగింది. సక్కగ బాపు పేరున్న కాడనే!

అమ్మ ఏడ్వబట్టె. సాయంత్రమే బొంబై బస్సు, ఇమానం ఆడనే ఎక్కాలె. కొత్త కంపెనీల నౌకరి... టైముకు పోకుంటే ఇంకొకన్ని పెట్టుకుంటరు.

బాపు చినిగిన టికెట్టు జేబుల పెట్టుకున్నడు. నన్ను సైకిల్ మీద కూసోబెట్టుకొని చాచా కాడికి పోయిండు.

చాచా నెత్తి పట్టుకున్నడు. "అరె భాయ్, టికెట్‌కు నలుగు పెట్టిన్రా ఏంది? గిది సూపిస్తే ఇమానం ఎక్కనియ్యరు. మళ్ల రాయించుకొస్త తియ్. మీ కంపెనీకి గూడ ఫోన్ చేసి చెప్త... భాభీని మాత్రం ఏమనకు."

కొత్త టికెట్టు వచ్చేదాక బాపు ఇంట్లనే ఉన్నడు...

ఏం రోజులు గవి! సర్దిన పెట్టె గోడ కాడ, బాపు నా పక్కన. పక్కనున్న అంకాపూర్ కెల్లి మక్కకంకులు తెచ్చి వాకిట్ల కాల్చిండు. నా జడలు గూడ ఆయనే అల్లిండు, వంకర టింకరగ... గట్లనే బడికి పోయిన. మొదటి రోజు ఏడ్సిన అమ్మ, తర్వాత ఊకె నవ్వేది. "నౌకరి పోతె ఎట్లనే?" అని బాపు అంటే, "పోతె పోనియ్, పసుపు కొమ్ములు ఏరుకోని బతుకుదాం" అనేది. నవ్వులాటకు అంటుందనుకున్న... నిజంగనే అన్నదని నాకు పెండ్లయినంక సమజైంది.

నౌకరి పోలే. టికెట్టొచ్చింది... బాపు పోయిండు.

ఇప్పుడు మా ఆయన మస్కట్‌ల ఉంటడు. మొన్న ఇంటికొచ్చిన సెలవు అయిపోతుంటే టికెట్టు నేనే చేసిన. ఏ రోజు, ఏ ఊరని నోటితోని చెప్తే సాలు, ఫోనే ఎతికి ముంగట పెడుతుంది. బాపు కాలంల గీ సౌలతు ఎక్కడిది? పక్కన కూసున్న మా బిడ్డ "జర ఆగమ్మా, రేపు చేద్దువు" అన్నది. ఆగితే రేటు పెరుగుతదని ఫోన్ బెదిరియ్యబట్టె... నొక్కిన. చాయ్ చల్లారకముందే టికెట్టొచ్చింది.

బిడ్డ లేసి లోపటికి పోయింది.

మస్తు అల్కగ, సులువుగైంది అంతా, తిడతలేను. కని వాళ్ల నాయిన ఇంకో నాలుగు రోజులు ఎట్ల ఆగాలెనో గా ఫోన్‌ను ఏమని అడుగుదు...

మీ ఇంట్ల గూడ ఎవరన్న పోవాల్సినోళ్లు పోకుంట ఆగిన్రా? జర చెప్పుండ్రి... మా బిడ్డకు సదివి వినిపిస్త.