అన్నను చూడడానికి మేడం వచ్చిన రోజు

ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, అమ్మ మా అన్నకు ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి, పౌడరు రాసి, దిండ్ల ఆసరాతో కుర్చీలో కూర్చోబెట్టేది. పుట్టుకతోనే కాళ్లూ చేతులూ బిగుసుకుపోయినవాడని డోన్ బజారంతా తెలుసు. అయినా అంగడి నడుపుకునేవాళ్లం, ఇంట్లో కష్టం గడప దాటకూడదని అమ్మ పట్టు.

ఆ ఏడు అమ్మకు నడుము పట్టేసింది, మళ్లీ వదల్లేదు. ఇరవై దాటిన కొడుకును ఎత్తి నీళ్లు పోయడం ఇక ఆమె వల్ల కాలేదు. నాయన అంగడి వదిలి రాలేడు. నేనేమో పెళ్లయి ఎర్రగుంట్లలో ఉన్నాను. చివరికి అన్నను కడపలో ఒక హాస్టల్లో చేర్చడానికి నాయన మాట కూడా ఇచ్చొచ్చాడు. అంతలో వికలాంగుల సంఘం వాళ్లు, నిజంగా అవసరమైతే పొద్దునపూట ఇంటికే మనిషిని పంపుతామన్నారు. ముందు ఒక మేడం వచ్చి అన్నను చూడాలి.

ఆ రోజు నేను వెళ్లేసరికి అన్న పెళ్లిచూపులకు కూర్చున్నట్టు తయారై ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"స్నానం ఎవరు చేపిస్తారమ్మా?" అని అడిగింది మేడం.

"వాడే చేసుకుంటాడు మేడం."

"అన్నం?"

"శానా చక్కగా తింటాడు. మావానితో ఏ ఇబ్బందీ లేదు," అంది అమ్మ.

కొంప మునిగిందనుకున్నాను. నోరు తెరవబోతే అమ్మ కళ్లతోనే నొక్కేసింది. విసురుగా లోపలికి పోయి కాఫీ తెచ్చి, మేడం చేతికొకటి ఇచ్చి, అన్న ముందొకటి పెట్టాను. అన్న అమ్మవైపు తిరిగి నోరు తెరిచాడు. అమ్మ మేడంతో మాట్లాడుతూనే గ్లాసు అందుకుని, ఊది, వాడి గడ్డం కింద కొంగు పట్టి తాపింది. రెండో గుటకకు ఆమె చెయ్యి ఆగిపోయింది.

మేడం నవ్వలేదు. "ఎన్నాళ్ల నుంచి ఇట్ల చేస్తాండావమ్మా?" అంది.

"వీడు పుట్టినప్పటి నుంచి," అని అమ్మ భోరుమంది. "ఇంగ నాతో కాదు మేడం. అట్లని వీణ్ణి పంపిచ్చి నేను బతకలేను."

నాయన కడపకు పోయి, మావాడు రాడని చెప్పొచ్చాడు. మరుసటి వారం నుంచి పొద్దున్నే ఒకాయన రాసాగాడు. మొదటిరోజు నేనూ ఉన్నాను. స్నానాల గదిలోంచి నీళ్ల చప్పుడు, అన్న నవ్వు. గుండెల మీద కుంపటి దిగినట్టయింది నాకు. అమ్మ మంచం మీదనుంచే కేకేసింది. "ఏమప్పా, చెవుల ఎనక రుద్దినావా?"

రుద్దానన్నాడాయన.

"ఇంగోసారి రుద్దు," అని అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారాక మా అమ్మ నిద్రపోవడం నేను చూసింది అదే మొదలు.