హ్యాండిల్ తలకిందులు, వేళ్లకు తిమ్మిరి

ఆ రోజు నిడుగల్లు బడిలో బోర్డు మీద లెక్క రాస్తుంటే సుద్దముక్క జారింది. తీసుకున్నాను. మళ్లీ జారింది. కుడి చిటికెనవేలు, ఉంగరంవేలు నావి కానట్టున్నాయి. గిల్లుకున్నా తెలియలేదు.

నేను రోజూ పక్క ఊరి నుంచి సైకిల్ మీద వెళ్లే మేష్టరును. మా ఆషాఢపు ఎదురుగాలి మనిషిని వెనక్కి నెట్టేస్తుంది. బెంగళూరులో మహారాజావారి పుట్టినరోజు సైకిల్ పందేలు చూసొచ్చి, నేనూ హ్యాండిల్ తలకిందులుగా బిగించుకున్నాను. సీటు పైకి లేపి ముక్కు కిందికి వంచాను. వంగి తొక్కితే గాలి వీపు మీదుగా పోయేది. ఎంత మురిసిపోయానో!

మా వైపు వేలికి స్పర్శ పోయిందంటే ఒకటే భయం, పెద్దరోగం, అదే కుష్టు. అమ్మ నా కంచం, చెంబు వేరు చేసింది. మా పసిబిడ్డ ఉయ్యాల దగ్గరికి పోబోతే అడ్డం నిలబడింది.

“బిడ్డను ముట్టొద్దప్పా. నీకు దండం పెడతా.”

నా భార్య గోడవైపు తిరిగి ఏడ్చింది. నాకు చచ్చిపోతే మేలనిపించింది.

తాలూకా ఆసుపత్రిలో డాక్టరు నా కళ్లు మూయించి దూదితో వేళ్లు తాకాడు. ఒళ్లంతా మచ్చల కోసం వెతికాడు. మోచేతి వెనక నరం తడిమాడు.

“లెప్రసీ కాదు. నర్వ్ మీద ప్రెషర్ పడింది. అరచేతులతో ఏం పని చేస్తావు?”

సైకిల్ సంగతి చెప్పాను. హ్యాండిల్ పైకెత్తమన్నాడు. ఎత్తాను. తగ్గకపోగా ఎడమచెయ్యి కూడా తిమ్మిరెక్కింది.

“నీకు చెప్పలేక అట్లన్నాడు లేప్పా” అంది అమ్మ. నాకూ అదే భయం.

రెండోసారి డాక్టరు ఆసుపత్రి వాకిట్లోనే నన్ను సైకిల్ ఎక్కించి చూశాడు.

“ఏందప్పా ఇది? సీటు ముక్కు నేల చూస్తా ఉండాది. ముందుకు జారి, బరువంతా చేతుల మీదే మోస్తా ఉండావు!”

సీటు మట్టంగా పెట్టించాడు. కొన్నాళ్లు తొక్కొద్దన్నాడు. తర్వాత మోచేతులు కాస్త మడిచి, బరువు సీటు మీదే ఉంచి వంగమన్నాడు. అమ్మ మాత్రం స్పర్శ వచ్చేదాకా బిడ్డను ఇవ్వనంది.

ఒక ఉదయం ఆమె మజ్జిగ చిలుకుతుంటే, బిడ్డే దోగాడుతూ వచ్చి నా కుడి చిటికెనవేలు నోట్లో పెట్టుకుంది. కొత్త పళ్లు. కటుక్కున కొరికింది.

“అబ్బా!” అని అరిచాను.

అమ్మ పరుగున వచ్చింది. “నొప్పి తెలిసినాదా నాయనా?”

“తెలిసిందమ్మా!”

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత బిడ్డను ఎత్తి నా ఒళ్లో పెట్టింది.

ఇప్పటికీ ఎదురుగాలికి వంగే తొక్కుతాను. వేళ్లు తిమ్మిరెక్కితే మీరు సైకిల్ దిగండి, సీటు మట్టంగా ఉందో లేదో చూసుకోండి, ఆసుపత్రికి పొండి. డాక్టరు చూడకముందే ఎవరి కంచమూ వేరు చేయకండి.