లేవని చెయ్యి

మా అన్నా, మా ఇంటాయనా ఒకే కుర్చీకి పోటీ పడిన ఏడు నేను కుదురుగా కూర్చుని ఒక పూట అన్నం తిన్నది లేదు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేదాన్ని. పొయ్యి మీద పప్పు పెట్టి నూలు కండెలు చుట్టడానికి కూర్చునేదాన్ని. కండె సగంలో వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేదాన్ని. పప్పు మాడిన వాసన పక్కింటివాళ్ళు చెబితే గానీ నాకు తెలిసేది కాదు.

కుర్చీ అంటే సింహాసనమేమీ కాదు, మా తాలూకా సంఘానికి అధ్యక్ష పదవి. లోకమంతా యుద్ధం, ఆ లడాయి రోజులవి. బడులు కావాలని, వెట్టి పోవాలని, మన భాషలో చదువుకునే గ్రంథాలయాలు కావాలని పుట్టిన సంఘం. మొదట్లో అందరిదీ ఒకే మాట. తరువాత రెండు జట్లయింది. సర్కారుకు అర్జీలు పెట్టుకుంటూ మెల్లగా పోదామని ఒక జట్టు. అర్జీలు చెదలు తినడానికే పనికొస్తాయి, ఊళ్ళలోకి పోయి రైతును లేపుదామని ఇంకో జట్టు. మొదటి జట్టుకు గద్వాలలో మా ఆయన పెద్ద. రెండో జట్టుకు రాజోలిలో మా అన్న పెద్ద. ఇద్దరూ మగ్గం మీద పుట్టినవాళ్ళే, నా పెళ్ళికి ముందునుంచే దోస్తులు. ఆ దోస్తీ చూసే మావాళ్ళు నన్ను ఈ ఇంటికిచ్చారు.

నాకూ సంఘంలో సభ్యత్వం ఉండేది. జట్లు పుట్టకముందు మా అన్నే చేర్పించాడు. మా ఆయన పక్కన నిలబడి మురిసిపోయాడు. ఆడమనిషి సంఘంలో ఉండటం అప్పట్లో అందరికీ ఒక ముచ్చట. చివరికి ఆ ముచ్చటే నా మెడకు చుట్టుకుంది. మా సంఘంలో ఓటంటే నిండు సభలో చెయ్యెత్తడం. చీటీలు వేసుకుందామని ఎవరో అంటే రెండు జట్ల పెద్దలూ కస్సుమని లేచారు, మనమేమైనా దొంగలమా దాచుకోవడానికి అని. అంతకాలానికి ఆ ఒక్క మాట మీదే వాళ్ళకు పొత్తు కుదిరింది. అన్నకు చెయ్యెత్తితే మొగుడి ఇల్లు, మొగుడికి ఎత్తితే పుట్టిల్లు. ఎటు ఎత్తినా నాకు ఒక ఇల్లు పోతుంది. అడకత్తెరలో పోకచెక్కను అయ్యాను.

ఎన్నికకు ముందు అన్న గద్వాలకు వచ్చి, ఎప్పటిలాగే మా ఇంట్లోనే దిగాడు. చెల్లెలి ఇల్లు ఉండగా వేరేచోట ఎట్లా దిగుతాడు? దాంతో మా ఇల్లే రెండు జట్లకూ అడ్డా అయింది. కుడి అరుగు మీద అన్న మనుషులు, ఎడమ అరుగు మీద మా ఆయన మనుషులు. నడుమ గుమ్మంలో నేను, చేతిలో చాయ గిన్నె. ఇటువాళ్ళు అటు చూసి దగ్గేవాళ్ళు, అటువాళ్ళు ఇటు చూసి ఉమ్మేవాళ్ళు. నా చాయ మాత్రం ఇద్దరికీ కావాలి.

తినేటప్పుడు బావా బావమరుదులు ఎదురెదురుగా కూర్చునే మాట పోయింది. చెరో గోడకు ముఖం పెట్టుకుని తినేవాళ్ళు.

"చెల్లె, నీ చెయ్యి ఎటు లేస్తది?" అని అడిగాడు అన్న ఒకరోజు, నవ్వుతూనే.

"గీ చెయ్యే నీకు అన్నం పెడుతది. ముందుగాల దాన్ని పెట్టనియ్యి" అన్నాను.

"బావ మంచోడే. నేను కాదంటలేను. గాని ఆయన నడక చూస్తే తెల్లారేసరికి మళ్ళ పొద్దుగూకుతది."

మా ఆయన వినీ విననట్టు మజ్జిగ పోసుకున్నాడు. ఆయన నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే మండిపడేదాన్ని. అడగనందుకు ఇంకా మండింది. వీధిలో ఆడవాళ్ళు అప్పటికే నాకు గోడ మీద పిల్లి అని పేరు పెట్టారు. నీళ్ళకు పోతే చాలు, "పిల్లి ఎటు దుంకుతదమ్మా?" అని నవ్వు. పిల్లికున్న సుఖం నాకు లేదు, అది కనీసం ఆ గోడ మీద కునుకైనా తీస్తుంది.

ఎన్నికకు ముందు వారమంతా ముసురు. అప్పట్లో నూలు దొరకడమే గగనం. దొరికిన కాస్త నూలుతో మా మామ, మా ఆయన తండ్రి, పడుగు సిద్ధం చేసుకుని ఎండ కోసం కాచుకుని ఉన్నాడు. పడుగు అంటే చీర నిలువునా సాగే పోగులు. వాటిని వీధి పొడవునా సాగదీసి, గంజి పెట్టి, ఆరేదాకా ఇటొకరు అటొకరు నిలబడి కుంచె లాగుతూనే ఉండాలి. ఆపితే పోగులు ఒకదానికొకటి అంటుకుని మొత్తం పడుగు పాడైపోతుంది. సరిగ్గా ఎన్నికనాడే పొద్దున్నే ఎండ కాసింది. మామ ఆగలేకపోయాడు.

"మధ్యాహ్నానికి ఆరిపోతది. అప్పుడు మీ సభకు మీరు పోదురు" అన్నాడు.

సాలెవాళ్ళం తప్ప ఇంకెవరూ ఆ పని చెయ్యరు. ఎండ కనిపిస్తే మాకు సభలూ సర్కార్లూ గుర్తుండవు. మా ఆయన కూడా కాదనలేదు, తెల్లటి ధోవతి మోకాళ్ళ పైకి కట్టి కుంచె పట్టాడు. కానీ వారం తడిసిన నేల ఆవిరి కక్కుతూ ఉంది. మధ్యాహ్నమైనా పోగులు తడితడిగానే ఉన్నాయి. సభకు పోలీసు అమీన్ సాబు ఇచ్చిన ఇజాజత్, అదే అనుమతి, ఆ ఒక్క పూటకే. ఆలస్యమైతే జవాన్లు వచ్చి లేవగొడతారు. మామూలు రోజైతే ఎవరి పడుగు వీధిలో ఉన్నా అందరూ చెయ్యి వేస్తారు, అది మా వీధి ధర్మం. ఆ రోజు చేతులన్నీ సభలో లేవడానికి పోయాయి.

మా ఆయన కుంచె మామకు ఇచ్చి చేతులు కడుక్కున్నాడు. "నాయిన చూసుకుంటడు. నువ్వు రా" అన్నాడు నాతో.

మామ ఒక్కడే రెండు పక్కలకూ ఉరుకుతున్నాడు. ఒక పక్కకు పోతే రెండో పక్క పోగులు ముడుచుకుంటున్నాయి. మాలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, గంజి కాస్తారు, కుంచె మాత్రం ముట్టరు. నేను కొంగు బిగించి రెండో కుంచె తీశాను. మామ ఒకసారి నా ముఖంలోకి చూసి, అవతలి పక్కకు జరిగాడు.

"నువ్వు నడువు. నేను వస్త" అన్నాను మా ఆయనతో.

వస్తాననే అన్నాను. కుంచె చేతికి రాగానే మాత్రం, నిజం చెప్పాలంటే, అన్నాళ్ళుగా లేని హాయి నాకు కలిగింది. ఇంటి పని ఇది, ఎవరేమంటారు? మొగుడి ఇంటి పడుగు కాపాడితే మొగుడికి ద్రోహం ఎట్లా అవుతుంది? పోగులు ఆరేసరికి పొద్దు వాలింది.

సభ ముచ్చట పక్కింటామె వచ్చి చెప్పింది. వనపర్తి నుంచి వచ్చిన పెద్దమనిషి లేచిన చేతులు లెక్కపెట్టాడట. అన్న గెలిచాడు. కొద్ది చేతులే తేడా, అయినా నా ఒక్క చెయ్యి అటు పడినా ఇటు పడినా మారేది కాదు. ఆ లెక్క ఎవరికి కావాలి?

"గాని అక్కా, చేతులు ఎత్తుమన్నప్పుడు మీ ఆయన సభ చూడొచ్చిన మా ఆడోళ్ళ దిక్కు ఎనక్కి మర్లి చూసిండు. నువ్వు లేవు. ఆయన చూసుడు అందరు చూసిండ్రు" అందామె.

నేను కుంచెలు కడిగి అరుగు మీద పెట్టాను.

అంతలో డప్పులతో అన్న జట్టు వచ్చింది. అన్న తన మెడలో దండ తీసి, నేను వద్దంటున్నా వినకుండా నా మెడలో వేశాడు. "మా చెల్లె రాకనే నన్ను గెలిపించింది!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడే మా ఆయన ఒక్కడే నడుచుకుంటూ వీధి మలుపు తిరిగాడు.

నేను దండ తీసి అన్న చేతిలో పెట్టాను. "నేను నీకోసం ఆగలేదు అన్నా. పడుగు కోసం ఆగిన. ఉత్తుత్త మాటలు మాట్లాడకు."

అన్న కన్ను గీటాడు. "గట్లనే అనాలె చెల్లె. ఈ ఇంట్ల ఉండాలె గద నువ్వు."

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. అన్న కదా, కొట్టలేదు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఓటమి కంటే ఆ చప్పట్లే మా ఆయన్ను ఎక్కువ కోశాయని ఆయన నడకలోనే తెలిసింది. ఆయన పడుగు దగ్గర ఆగి, పోగులు వేళ్ళతో తాకి చూశాడు. "మంచిగ ఆరింది" అన్నాడు మామతో. ఆ మాట నాతో అని ఉంటే బాగుండేది.

నేను ఆయన వెంట లోపలికి పోయాను. "నేను వచ్చి చెయ్యెత్తినా నువ్వు గెలిచేటోనివి కాదు" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "నువ్వు నాకు ఎత్తుతవని కూడ నేను అనుకోలేదు. మీ అన్నకు ఎత్తినా ఏమనకపోదును. ఆడ సభల కూసొని ఉంటవనుకున్న."

ఆయన ఇక ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నన్ను ఒక్క పరుషమైన మాట అనలేదు. తెల్లవారి అన్న బయలుదేరుతూ "వస్త బావా" అన్నాడు. "మంచిది" అని లోపలి నుంచే జవాబు వచ్చింది.

నేను భయపడ్డట్టు ఏ ఇల్లూ పోలేదు. బతుకమ్మకు అన్న వచ్చి నన్ను తీసుకుపోయాడు, మా ఆయన పొమ్మన్నాడు. కానీ రాజోలిలో నేను అడుగు పెట్టగానే అన్న జట్టు, ఆ కుడి అరుగు మనుషులు, మాటలు ఆపేశారు. "గద్వాల మనిషి వచ్చింది, తర్వాత మాట్లాడుకుందం" అంది మా వదిన. పండుగ అయ్యి తిరిగి వస్తే, మా వాకిట్లో ఎడమ అరుగు మనుషులు నన్ను చూసి మాట మధ్యలో ఆపి లేచి నిలబడ్డారు. వాళ్ళ నడుమ కూర్చున్న మా ఆయన గొంతు సవరించుకుని, వానల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.